మధ్యలో టి పలకదు

జలపతిని తలచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది, ఏడుపు ఆ తర్వాత. మొన్న మాఘమాసంలో పోయాడు. అరవై కూడా నిండలేదు. పోయినవాడి మీద కోపమేమిటి, పాపం తగులుతుంది అని మా ఇంటావిడ అంటుంది. తగిలితే తగలనీ. ఆ కోపంలో సగమే అతనిది, మిగతా సగం నాది.

నా పేరు మైసయ్య, మాది కోరుట్ల. పెళ్లిళ్ల బ్యాండులో ముప్పై ఏళ్లు పెద్ద డ్రమ్ము మోశాను. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఒక బడిలో అటెండరుగా చేసేవాణ్ణి కాబట్టి పుస్తకాల భాష కొంచెం అబ్బింది, లేకపోతే ఈ నాలుగు మాటలు రాసే మొనగాణ్ణి కాను. జలపతి మా బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఒక్కసారి విన్న పాటను రెండోసారి అడగకుండా ఊదేవాడు. అప్పగింతల వేళ అతను ఊదితే ఆడపిల్లవాళ్లే కాదు, మగపెళ్లివాళ్లు కూడా ముక్కులు చీదేవాళ్లు.

బుగ్గారంలో కల్లుగీసే గౌండ్ల ఇంట పుట్టినవాడికి క్లారినెట్ ఎక్కడిది అని మీరు అడుగుతారు. వాళ్ల నాయన కొమురెల్లి కూడా అదే అడిగాడు, కాకపోతే తాటిమట్టతో అడిగాడు. పదహారేళ్ల వయసులో జలపతి చుట్టాల పెళ్లికని కోరుట్ల వచ్చి, ఊరేగింపు వెంట నడిచి నడిచి, మూడు రోజులు ఇంటికి పోలేదు. మా బ్యాండు పెద్దాయన జాలిపడి క్లారినెట్ చేతికిచ్చాడు. నాలుగో రోజు కొమురెల్లి వచ్చి చెవి పట్టుకుని ఈడ్చుకుపోయాడు.

"తాడెక్కే కాళ్లురా మనయి! పీనుగు ముందట ఊదే నోరా మనది? మన కులం పనేనా గిది?" అని నడిబజారులో కొట్టాడు.

వారం తిరక్కుండా జలపతి మళ్లీ వచ్చాడు. వీపు మీద వాతలు అలాగే ఉన్నాయి. ఈసారి వాళ్ల కులపెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. తాటిచెట్ల వంతుల్లో వీడి పేరు లేదు, కులం భోజనాల బంతిలో వీడికి విస్తరి లేదు. కొమురెల్లి చచ్చేదాకా కొడుకుతో మాట్లాడలేదు. జలపతి మా ఇంట్లోనే పడుకునేవాడు, మా అవ్వ పోసిన జొన్నగట్క తాగేవాడు. బుగ్గారంలో అదింకో గొడవ.

నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. మా నాయన కాలంలో ఊళ్లో ఎవరు చచ్చినా మావాళ్లు పోయి డప్పు కొట్టాల్సిందే. జ్వరమొచ్చి ఒక్కపూట పోకపోతే మా నాయనను గుంజకు కట్టేసి కొట్టారు. జలపతికి వాయించినందుకు దెబ్బలు, మా నాయనకు వాయించనందుకు దెబ్బలు. ఆ ఇంటి పిల్లవాడూ ఈ ఇంటి పిల్లవాడూ ఒకే బ్యాండులో ఒకే ఎర్రకోటు తొడుక్కుని పక్కపక్కన నడిచాం.

"ఏం గౌడా, మా అవ్వ గట్కల కులం ఏమన్న తగిలిందా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"కులం తగుల్లే గని ఉప్పు తక్కువ తగిలిందే మైసన్నా" అనేవాడు. అలాంటి మనిషి.

తర్వాత డీజే బండ్లు వచ్చాయి. నాలుగు పెట్టెలు, ఒక మనిషి, ఊరు దద్దరిల్లిపోతుంది. పదహారు మంది బ్యాండు ఎవరికి కావాలి? మా దిక్కు మగవాడికి మీసం తర్వాత వచ్చేది పాస్‌పోర్టే. జలపతికి మీసం నెరిశాక వచ్చింది. 2006లో భార్య బుచ్చవ్వనూ, బిడ్డ ప్రవళికనూ వదిలి తోటపనికి మస్కట్ పోయాడు. క్లారినెట్‌ను మా ఇంట్లో అటక మీద పెట్టి పోయాడు.

మస్కట్‌లో ఒక ప్రహరీ లోపల పన్నెండు పెద్ద ఇళ్లు. అన్నిటికీ చెట్లూ గడ్డీ చూసేవాళ్లు ఆరుగురు, వాళ్ల మీద సూపర్‌వైజరు మన ముత్యంపేట రంజిత్. జలపతి వంతుకు వచ్చిన ఇళ్లలో ఒకటి స్పెయిన్ దేశపు డాక్టరమ్మది. ఆమె పేరు ఎలెనా. భార్య పోయి ఒంటరైన తన ముసలి తండ్రిని తెచ్చి దగ్గర పెట్టుకుంది. ఆయన పేరు మార్తీన్. పొద్దువాలే వేళ, బిడ్డ ఆసుపత్రి డ్యూటీకి పోయాక, ఆ ముసలాయన వెనక కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని గిటారు వాయించేవాడు. సరిగ్గా ఆ వేళకే జలపతి ఆ కిటికీ కింద చెట్లకు పైపుతో నీళ్లు పట్టేవాడు.

"సినిమా పాట గాదు, భజన గాదు. మాటలే ఉండయి. ఏదో పెద్ద సంగీతమే మైసన్నా" అని నాకు తర్వాత చెప్పాడు. రోజూ అదే పాట, రెండు భాగాలు. మొదటిది మెల్లగా పైకి పోతుంది, నాలుగడుగులు వేసి ఆగుతుంది, మళ్లీ నాలుగు. రెండోది కిందికి దిగి అక్కడక్కడే తిరుగుతుంది, లోపలెక్కడో నీటిచుక్కలు పడుతున్నట్టు. ముసలాయన మధ్యలో ఆగి, ఒకచోట మార్చి, మళ్లీ మొదటికి వచ్చేవాడు. అంటే ఆ పాటను ఆయనే కడుతున్నాడన్నమాట. రెండేళ్లు విని విని జలపతికి అంతా నోటికి వచ్చేసింది. నీళ్లు పడుతూ ఈలతో వెంట పోయేవాడు.

ఒకరోజు ఆ ఈల విని ముసలాయన తల బయటపెట్టి చూశాడు. గిటారు చేత్తో పట్టుకునే గబగబా బయటికి వచ్చాడు.

"యూ? మ్యూజిక్?" అన్నాడు.

జలపతి పైపు కింద పడేసి, రెండు చేతులతో క్లారినెట్ పట్టినట్టు చూపించాడు. "యస్ సార్. బ్యాండ్."

ముసలాయన మొహం వెలిగిపోయింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఏదేదో చెప్పాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం, ఇతనికి అది కూడా లేదు. చెవిటివాని ముందు శంఖమే. ఆ మాటల్లో జలపతికి అందినవి ఇంతే: "మ్యూజిక్... మై కాస్ట్. ఓన్లీ మై కాస్ట్." తర్వాత ఆయన వేలు ఇతని వైపు చూపి అడిగాడు: "యువర్ విలేజ్? కాస్ట్?"

మన దగ్గర క్యాస్టు అనే ఇంగ్లీషు ముక్క తెలియనివాడు ఎవడున్నాడు? ఏ ఫారం నింపినా పేరు తర్వాత అదే అడుగుతారు. జలపతి తల దించుకుని "గౌడ్, సార్" అన్నాడు.

"గుడ్! గుడ్!" అని ముసలాయన గట్టిగా నవ్వి భుజం తట్టాడు.

ఆ పూట జలపతి అన్నం ముట్టలేదు. సముద్రం దాటి వచ్చినా ఇది వదల్లేదే అనుకున్నాడు. ఈ పాట మా కులానిది, మా ఒక్క కులానిదే. నీది ఏ కులం? గౌడా? అని నవ్వు. అతనికి అర్థమైంది ఇది. మర్నాడే రంజిత్ దగ్గరికి పోయి తనను వేరే ఇళ్లకు మార్చమన్నాడు.

"ఏమైందే మామా? ముసలాయన మంచోడే గద?" అన్నాడు రంజిత్.

"మంచోడే. నాకు గక్కడ ఎండ కొడుతున్నది, నీడ దిక్కు ఎయ్యి."

అసలు సంగతి చెప్పలేదు. ఇలాంటివి ఎవరు చెప్పుకుంటారు? గేటు దగ్గరి ఇళ్లకు మారాడు. అక్కడికి గిటారు వినిపించదు. పది రోజులకు రంజిత్ వచ్చి "ముసలాయన నిన్ను అడుగుతున్నడు మామా, ఒకపారి రమ్మంటున్నడు" అన్నాడు. పనిలో ఏదో తప్పు పట్టాడనుకుని జలపతి పోలేదు. ఏడాది తిరిగేసరికి ఆ తండ్రీబిడ్డలు తమ దేశం వెళ్లిపోయారని తెలిసింది.

2013లో జలపతి తిరిగొచ్చాడు. అప్పటికి ప్రవళికను తంగళ్ళపల్లి ఇచ్చారు. అల్లుడు సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మా దిక్కు అలాగే అంటాం. బుగ్గారంలో తనకు ఏముందని, జలపతి కూడా భార్యను తీసుకుని బిడ్డ ఇంటి పక్కనే చేరాడు, ఒక సాంచాల షెడ్డులో పని పట్టాడు. మరుసటి ఏడు కోరుట్ల వచ్చి అటక మీది క్లారినెట్ దింపించాడు. మా పెరట్లో కూర్చుని ఆ రెండు భాగాలూ ఊదాడు.

ఇరవై ఏళ్లకు పైగా ఆ మనిషి పక్కన నడిచాను, అతని నోట అలాంటిది వినలేదు. నా చేతులు వాటంతటవే తొడ మీద తాళం వేశాయి. లోపల కూర మాడుతున్న వాసన వస్తున్నా మా ఇంటావిడ గుమ్మం వదల్లేదు. ఎక్కడిదయ్యా ఈ పాట అని అడిగితే అప్పుడు చెప్పాడు ఈ కథంతా.

"జగిత్యాలల పాత బ్యాండోళ్లను పిలిచి సభ చేస్తున్నరట. గిది ఊదుదునా మైసన్నా? తప్పు గాదు గద?" అని అడిగాడు.

అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాస్తున్నాను. దాచుకుంటే ఇది రాయడం దండగ.

"అద్దు గౌడా. ఒగల కులపు పాట అడగకుంట ముట్టద్దు. మా డప్పు సంగతి సూడు. నిన్నమొన్నటిదాక దాన్ని ముట్టుకుంటె తానం చేసేటోళ్లు. ఇయ్యాల స్టేజీ ఎక్కి కొట్టుడు ఫ్యాషనైంది. మమ్ముల ఒక్కడన్న అడిగిండా? గాయిన పాట గాయినది. మనం గసొంటి పని చెయ్యద్దు."

నా కడుపుమంట నాది. న్యాయమే మాట్లాడాననుకున్నాను. ఆ మాటలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. కానీ ఎక్కడ అనాల్సింది ఎక్కడ అన్నాను! జలపతి నా మొహం చూసి, "నిజమేనే" అని, క్లారినెట్‌ను ముక్కలుగా విప్పి గుడ్డలో చుట్టి వెంట పట్టుకుపోయాడు. అప్పటికి అతని ఊపిరికి ఢోకా లేదు. మొదటి భాగమంతా రెండు గుక్కల్లో లాగేవాడు. ఆ తర్వాత పదేళ్లు ఆ పాట గుడ్డలోనే ఉంది, అతను షెడ్డులో దూదిపొట్టు పీలుస్తూ ఉన్నాడు.

దగ్గు మొదలైంది. పోయినేడు వానాకాలానికి నాలుగు మెట్లెక్కితే కూలబడేవాడు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి, ఇక మామూలు కావు అని డాక్టరు చెప్పాడు. బీడీలు తాగుతావా అని అడిగితే "తాగ సార్, ఊదుత" అన్నాడట. అదీ మానెయ్యమన్నాడు డాక్టరు. మానేసి పదేళ్లయిందని చెప్పడానికి జలపతికి సిగ్గేసిందట.

కార్తీకంలో నేను వేములవాడ మీదుగా బస్సు పట్టుకుని చూడటానికి పోయాను. అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. లోపల మనుమరాలు అక్షిత, ప్రవళిక కూతురు, ఏడో తరగతి పిల్ల, ఇంగ్లీషు పాఠం గట్టిగా చదువుతున్నది. రాజు, రాణి, ఏదో కథ. "ది కింగ్ లివ్డ్ ఇన్ ఎ కాస్టిల్" అని చదివింది.

జలపతి చెవులు నిక్కించాడు. "ఏందే బిడ్డా, గా దేశంల రాజుకు గూడ కులముంటదా?"

పిల్ల పకపకా నవ్వింది. "కులం గాదు తాతా! అయ్యో, నేనే తప్పు సదివిన. కాసిల్ అనాలె. మధ్యల టి ఉంటది గని పలుకద్దు, సైలెంట్. నిన్న గిట్లనే సదివితే మా టీచర్ తిట్టింది."

"అంటే ఏంది?"

"కోట. జగిత్యాల ఖిలా లేదా, గసొంటిది."

"టి పలికితే ఏమైతది?"

"పలుకద్దు అంటున్న గద తాతా."

"తెల్వనోడు పలికితే, బిడ్డా. వేరే దేశపాయిన. మనలెక్క ఇంగిలీషు సరిగ రానాయిన. గాయిన పలికితే ఎట్లుంటది?"

అక్షిత కాసేపు పెదవులు కదిపి చూసుకుంది. "కాస్టిల్ అంటడు. లేకుంటే కాస్టల్."

జలపతి నా వైపు తిరిగాడు. ఆనాడు ముసలాయన అన్నది అదే, చివరి ల్ ఇతని చెవికి అందలేదు. మా కోట, ఈ పాట మా ఊరి కోట మీదిది, అచ్చంగా దానికోసమే అని చెప్పాడు ఆ ముసలాయన. మీ ఊళ్లో కోట ఉందా అని అడిగాడు. ఇతను గౌడ్ అన్నాడు, ఆయన గుడ్ అనుకున్నాడు. కోట ఉందట, బాగుందట అని సంతోషపడి నవ్వాడు.

"నన్ను కులమడగలేనే మైసన్నా!" అని జలపతి తొడ చరుచుకున్నాడు. "ఉన్నది సార్, జగిత్యాలల ఉన్నది అంటే అయిపోవు గద! నన్ను చూసి నవ్వలే. నవ్వలేనే గాయిన!" నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు, దగ్గు వచ్చి రెండూ కలిపేసింది. నేను నీళ్లు తెచ్చే వంకతో లోపలికి పోయి గోడకు తల ఆనించి నిలబడ్డాను. పదేళ్లు. నా నోటి మాటకు పదేళ్లు.

మరుసటి వారమే జగిత్యాల ఖిలా చూపించమని పట్టుబట్టాడు. బుచ్చవ్వ మండిపడింది.

"అరుగెక్కరాదు గని ఖిలా ఎక్కుతడట. ఉట్టికెగరలేనమ్మ సర్గానికెగిరిందట! నువ్వన్న చెప్పవేంది మైసన్నా?"

"చెప్పి చెప్పి చెడిపిన్నే వదినె. ఇగ చెప్ప" అన్నాను.

రుమాలు చుట్టి, మందుల సంచి నా చేతికిచ్చి పంపింది. ఎన్నోసార్లు ఆ ఊరికి బ్యాండుతో పోయాం, ఒక్కనాడూ ఖిలా లోపలికి పోలేదు. కందకం, వంపు తిరిగిన రాతిగోడలు, కింద పడి ఉన్న ఫిరంగులు, లోపల ఒక పాత బావి. నాలుగు మెట్లెక్కి జలపతి ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. ఇంకో నాలుగు ఎక్కి ఆగాడు. ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"గిది ఎక్కుడేనే! మొదటిది ఎక్కుడు. నాలుగు మెట్లెక్కి ఆగుడు, మల్ల నాలుగు. మా బాపు తాడెక్కినట్టు. రెండోది బాయి, కోట లోపటి బాయి. ఇన్నేండ్లు నోట్ల పెట్టుకొని తిరిగిన, ఏందో ఎరుకలే నాకు."

ఆ మెట్ల మీద అతను అంత సంతోషంగా ఉంటే నాకు దుఃఖం ఆగలేదు. కిందికి దిగేటప్పుడు ఒకటే మాట పట్టుకున్నాడు. "సారుకు చెప్పాలె. నేనెందుకు పోయిన్నో చెప్పాలె. చెప్పకుంట చావద్దు."

రంజిత్ ఇంకా మస్కట్‌లోనే ఉన్నాడు. అక్షిత అతనికి ఫోన్ చేసింది. ఆ ఆసుపత్రిలో ఎవరెవరినో అడిగి, పదిహేను రోజులకు డాక్టరమ్మ ఎలెనా నంబరు పంపాడు. అక్షిత, నేను కూర్చుని, ఒక మాటకు రెండు మాటలు కొట్టేసి, ఇంగ్లీషులో రాశాం. కోట అనే మాట, కులం అనే మాట పక్కపక్కన రాసి, తేడా ఒక్క అక్షరంలో ఎలా పోయిందో రాసింది ఆ పిల్ల. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఎలెనా గొంతుతోనే జవాబు వచ్చింది. అక్షిత రెండుసార్లు విని చెప్పింది.

మార్తీన్ 2017లో పోయాడు. చివరి ఏళ్లలో వేళ్లు వంకరపోయి గిటారు పట్టలేకపోయాడు. కాగితం మీద ఎన్నడూ ఏదీ రాసే మనిషి కాదు, ఎవరూ రికార్డు చేయలేదు. బిడ్డకు మొదటి నాలుగు స్వరాలు తప్ప గుర్తు లేవు. "మస్కట్‌లో ఒక తోటమాలి నా పాటకు ఈల వేసేవాడు. నేను పలకరించిన రోజు నుంచి మానేశాడు. నా పాట అతనికి నచ్చలేదు" అని ముసలాయన చాలాసార్లు అనేవాడట. అది చెప్పి ఆమె అడిగింది, మీకు ఆ పాట ఇంకా గుర్తుందా, నా కోసం ఒక్కసారి ఈల వేస్తారా అని. మా నాన్నది ఇక నాకు మిగిలింది మీ దగ్గరున్నదే అన్నది.

జలపతి "నచ్చలేదనుకున్నడా!" అన్నాడు. అంతే, లేచి గుడ్డమూట విప్పాడు.

ఈల వేయడానికి పెదవుల్లో గాలి నిలవడం లేదు. క్లారినెట్టే నయం అన్నాడు. బుచ్చవ్వ ఏడ్చింది, తిట్టింది, పుట్టింటికి పోతానన్నది. ఇంతా చేసి తనే కుర్చీ తెచ్చి వేసి, వీపుకు దిండు పెట్టింది. సాంచాల చప్పుడు మధ్య ఏమీ వినపడదు, అందుకని మధ్యాహ్నం అన్నాల వేళ అవి ఆగిన అరగంటలో అక్షిత ఫోన్ పట్టుకునేది. ఒక్క ఊపిరికి నాలుగు స్వరాలు. తర్వాత పావుగంట దగ్గు. మళ్లీ నాలుగు. అదృష్టమో ఏమో, మొదటి భాగం నాలుగు మెట్లకు ఒకసారి ఆగేదే కదా! రెండోదానికి నానా యాతన పడ్డాడు. ఒకరోజు ముక్కులోంచి రక్తం వచ్చింది. నేను చాలు అంటే కళ్లెర్ర చేశాడు, "నువ్వు మాట్లాడకు" అన్నాడు. నాకు ఆ మాట కావాల్సిందే. పదకొండు రోజులు పట్టింది. ముక్కలన్నీ అక్షిత ఒకదాని వెనక ఒకటి అతికించి పంపింది.

మర్నాడు సంక్రాంతి సెలవులు కావడంతో సాంచాలు ఆగి ఉన్నాయి, వీధి నిశ్శబ్దంగా ఉంది. జవాబు వచ్చింది. ఎలెనా ఏడుస్తూ మాట్లాడుతున్నదని మాకు భాష రాకపోయినా తెలిసింది. తమ ఊరి గుట్ట మీద కోట దాకా పోయి, అక్కడ కూర్చుని విన్నదట. రెండు భాగాలూ నాన్నవే, వింటుంటే ఒక్కో స్వరమూ గుర్తుకొచ్చిందన్నది. జలపతి కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు. అక్షిత మిగతాది విని ఆగిపోయింది.

"చెప్పు బిడ్డా."

"మూడోది గూడ పంపుమంటున్నది తాతా. నీతోని మాట్లాడినంక కట్టిండట సారు. ఈమె డ్యూటీకి పోయినంక, పొద్దుమూకి. నువ్వు ఇంటవని రోజు కిటికీ తెరిచిపెట్టేటోడట. ఈమె ఎన్నడు ఇనలేదట. ఇండ్లు మారినా ప్రహరీ లోపటనే గద, నువ్వొక్కనివే ఇని ఉంటవంటున్నది."

జలపతి మొహంలో నవ్వు అలాగే కాసేపు ఉండి, తర్వాత పోయింది. మూడోది ఉందనే అతనికి తెలియదు. ఆ సాయంత్రాలన్నీ అతను గేటు దగ్గరి ఇళ్లలో గడ్డి కోస్తున్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. "అతికియ్యి గౌడా" అన్నాను. "పెండ్లిలల్ల ఎన్ని పాటలకు తోకలు పెట్టలేదు నువ్వు? గట్లనే ఒకటి పెట్టు. గామెకేం ఎరుక?"

"తండ్రిదనుకొని ఏడుస్తదే గామె. అద్దు" అన్నాడు.

ఫోన్ ఇటివ్వమని చెయ్యి చాపాడు. అక్షిత బొత్తాం నొక్కి అతని నోటి దగ్గర పట్టుకుంది. అతనికి వచ్చిన ఒక్క భాషలో, ఒక్కో మాటకు ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"అమ్మా, నేను జలపతిని. మూడోది నాకు రాదమ్మా. మీ బాపు వాయించిండు, నేనే ఇనలే. కిటికీ కాడికి నేనే పోలే. నచ్చక గాదు తల్లీ. మంచిగుండె. శానా మంచిగుండె."